తెల్లతుమ్మ చెక్క

నల్లతుమ్మ చెక్కతో సారా కాచేవాళ్లంటే మాలకొండమ్మకు మహా చులకన. నల్లతుమ్మ చేలగట్ల మీద, చెరువు ఒడ్డున, ఎక్కడ పడితే అక్కడ మొలుస్తుంది. పొద్దున్నే లేచి ముఖమైనా కడుక్కోకుండా పోయి చెట్టు బెరడు నాలుగు చెక్కలు పీక్కొచ్చి బెల్లం నీళ్లలో పడేస్తే సరిపోతుంది. అది ఒళ్లు వంగనివాళ్ల పని అని ఆమె లెక్క. ఇక తంగేడు చెక్క వేసేవాళ్ల ఊసెత్తితే ఆమెకు ఒళ్లు మండేది. తంగేడు తోళ్లు పదును చేసేదానికి గదా, మనిషి పేగులేమన్నా చెప్పులనుకున్నారా అని తిట్టేది.

సారాకు తెల్లతుమ్మే వేయాలి. అదీ చదునులో పెరిగింది పనికిరాదు. కొండవాలున, రాళ్ల సందున, నీళ్లు చాలక గిడసబారిన చెట్టయి ఉండాలి. పూతమీదున్నప్పుడు ముట్టుకోకూడదు. ఒక ఏడు పడమటి పక్క గీరితే ఆ చెట్టు జోలికి మళ్లీ మూడేళ్ల దాకా పోకూడదు, పోయినా తూర్పు పక్కే గీరాలి. గీరిన చెక్కలో చిన్న ముక్క నమిలి, ముంతెడు నీళ్లు తాగి చూడాలి. ముందు వగరు పట్టి, ఆ తర్వాత నీళ్లు తియ్యగా దిగితే అది చెక్క. దిగకపోతే పొయ్యిలోకి. ఇంత చేసినాక మూడు రోజులు నీడలో ఆరబెట్టాలి. ఎండ తగిలిందా, చెక్కలోని వాసనంతా ఎగిరిపోయి ఉత్త కట్టెపేడు మిగులుతుంది.

ఇవన్నీ ఆమె ఎవరికీ చెప్పలేదు. చెట్లు ఎక్కడున్నాయో అసలే చెప్పలేదు. ఎర్రవంకపల్లెలో సారా కాచేది ఇద్దరే ఇద్దరు ఆడవాళ్లు, మాలకొండమ్మా, రోశమ్మా. రోశమ్మ ఎన్నిసార్లు అడిగినా ఈమె, "కొండమీద" అని మాత్రం అనేది. కొండ అంటే అర్ధవీడు నుంచి కంభం దాకా ఉంది. వెతుక్కో.

ఆ మంగళవారం పొద్దున ఇంటి వెనక వసారాలో చెక్కలు తిప్పి వేస్తుంటే తలారి ఏబేలు వచ్చి గుంజకానుకొని నిలబడ్డాడు. ఏబేలు చుక్క ముట్టని మనిషి. ఆదివారం ప్రార్థనకు పోతాడు, వేదపుస్తకం మీద చెయ్యి వేసి మానినాడు, మానినాడంటే మానినాడు. ఊళ్లో మద్యనిషేధం పాటించే మగవాడు ఆయనొక్కడే. అందుకేనేమో ఊరి సారా సీసాలన్నీ మోసే పని ఆయన నెత్తిన పడింది.

"అక్కా, మునసబు రమ్మంటున్నాడు."

"ఎందుకంట?"

"కేసు సంగతి."

మాలకొండమ్మ చెక్క తిప్పడం ఆపలేదు. "కేసయితే రోశమ్మను పిలువు. ఈ ఏడు దాని వంతు. నాది పోయినేడు అయిపోలా?"

ఊళ్లో అది ఏనాటినుంచో నడుస్తున్న కట్టు. మద్యనిషేధం వచ్చినప్పటినుంచి ఏడాదికొక కేసు ఊరినుంచి పోవాలి. లేకపోతే పైవాళ్లు ఊరుకోరు. చెరువు నీళ్లకు వంతులున్నట్టే జైలుకూ వంతులు. ఒక ఏడు ఒకరు పోతే మరుసటేడు ఇంకొకరు. పోయినవాళ్ల మేకల్ని ఉన్నవాళ్లు చూడాలి. ఈ పద్ధతి పెట్టింది మునసబు గోవిందయ్యే. ఆయన ఊరికి మునసబు, మద్యనిషేధ సంఘానికి అధ్యక్షుడు, ఇద్దరి సారాకూ మొదటి గిరాకీ.

"ఈసారి వంతు లేదంటక్కా" అన్నాడు ఏబేలు నేలచూపులు చూస్తూ. "నువ్వే వచ్చి ఇను."

గోవిందయ్య కొట్టం ముందు మంచమేసుకొని కూర్చొని ఉన్నాడు. కొట్టం తలుపు మీద మద్యనిషేధ సంఘం పలక వేలాడుతోంది. రోశమ్మ అప్పటికే వచ్చి చూరు కింద నిలబడి ఉంది. భుజాన చంటిపిల్ల. పుట్టి యాభై రోజులు కాలేదు, కోడిపిల్లంత ఉంది. దాని తండ్రి మార్కాపురం పలకల గనికి పోయి, పిల్ల పుట్టిందని కబురు పంపినా ఇంకా రాలేదు.

"శుక్రవారం ఇన్‌స్పెక్టరు వస్తన్నాడు" అన్నాడు గోవిందయ్య. "కొత్తాయన. బెంగుళూరులో, మద్రాసులో ఉండొచ్చినాడు. దొరల సరుకు తాగిన నోరు. వంతులూ గింతులూ ఆయనకు పట్టవు. ఇద్దరి సరుకూ చూస్తాడంట. బాగున్నది ఊళ్లో ఉంటాది, వారం వారం ఆయనకు మార్కాపురం పంపాలి. బాగలేనిది కేసు."

మాలకొండమ్మకు నవ్వొచ్చింది. ఎవరూ సారా తాగకుండా చూడమని జీతమిచ్చి పెట్టుకున్నవాడు, ఎవరి సారా బాగుందో చూసి, బాగలేనందుకు జైల్లో వేస్తాడట! రాజధాని కర్నూలు వదిలిపెట్టి హైదరాబాదు పోయి ఏడాదయింది. ఒకటే రాష్ట్రమంటారు. హైదరాబాదులో సారా కొట్టు పెట్టి అమ్ముతారట. ఇక్కడ కుండ కనిపిస్తే సంకెళ్లు. ఈ తిక్క రాజ్యానికి తగిన ఇన్‌స్పెక్టరే దొరికాడు అనుకుంది. కానీ పైకి మాత్రం, "సూడనీయ్ అయ్యా, నాకేం బయం?" అంది.

ఆమెకు నిజంగానే భయం లేదు. తెల్లతుమ్మ ముందు రోశమ్మ వేసే నల్లతుమ్మ నిలిచేదెక్కడ? దొరల సరుకు తాగిన నోరు గదా, ఒక్క గుక్కతో తేలిపోతుంది. రోశమ్మ వైపు చూసింది. ఆమెకూ అది తెలుసు. తల వంచుకొని చంటిదాని వీపు నిమురుతూ నిలబడింది.

తిరిగివస్తుంటే రోశమ్మ వెనకాలే వచ్చింది. ఏడుస్తుందేమో, కాళ్లు పట్టుకుంటుందేమో అని మాలకొండమ్మ గబగబా నడిచింది. రోశమ్మ ఏడవలేదు.

"అక్కా, జైల్లో చంటిపిల్లల్ని ఉంచుకోనిస్తారా?"

"ఉంచుకోనిస్తారు."

"పాలు సరిపోతయ్యా ఆడ తిండికి?"

మాలకొండమ్మకు జైలు గుర్తొచ్చింది. పోయినేడు ఆమె పక్క చాపమీద ఒకామె ఉండేది, వెలిగండ్ల దిక్కుది. ఆమె చంక కూడా ఇట్లాగే నిండుగా ఉండేది, మొదటి నెల. రెండో నెలలో చంక ఖాళీ అయింది. ఆ తర్వాత ఆమె రొమ్ములకు గుడ్డ కట్టుకొని గోడకు తిరిగి పడుకునేది.

"అడ్డమైన చెక్కా వేస్తే అట్లనే ఉంటాది" అని కసిరింది మాలకొండమ్మ. "ఎన్నిసార్లు చెప్పినా? కొండెక్కమంటే కాళ్లు నొప్పులు నీకు."

"యాడుందో చెప్పినావా నువ్వు?" అంది రోశమ్మ మెల్లగా, పోట్లాటకు కాదు. పిల్ల దగ్గింది. అంత చిన్న మనిషికి అంత పెద్ద దగ్గు ఎట్లా వచ్చిందో! రోశమ్మ చీరకొంగు దాని తలమీద కప్పి తన గుడిసె వైపు మళ్లింది.

బుధవారం చీకటితో లేచి మాలకొండమ్మ వంకలోకి దిగింది. బెల్లం నీళ్లలో చెక్క నానేసి ఇసకలో పాతిన ఊటకుండకు చెవి పెట్టి విన్నది. ఆరు రోజుల కింద కుతకుతమన్నది ఇప్పుడు నిద్రపోయినట్టుంది. మూత తీసి చెయ్యి ముంచి వేళ్లు నాకింది. అయింది. పొయ్యి రాజేసి, కుండమీద కుండ పెట్టి, సందులకు మట్టి మెత్తి, పైకుండలో చన్నీళ్లు మారుస్తూ కూర్చుంది. తెల్లారేసరికి మొదటి ధార పడింది. అరచేతిలో పట్టి రుద్ది వాసన చూసింది. పచ్చి బెల్లం వాసన లేదు, కాలిన వాసన లేదు, వాన పడ్డాక కొండ వాసనొకటే ఉంది. ఆ ఏడు కాచినదాంట్లో ఇదే మేలుది. తన పనితనానికి తనకే కళ్లు చెమర్చాయి.

మరి సంతోషంగా ఇంటికి పోవాలి గదా? పోలేదు. ఆరిపోయిన పొయ్యి ముందర కూర్చొని ఆ వెలిగండ్ల ఆమెను తిట్టుకుంది. చచ్చినదాన్ని, బతికినదాన్ని, అందరినీ తిట్టుకుంది. చివరికి లేచి, ముంత కొంగు కింద పెట్టుకొని రోశమ్మ గుడిసెకు పోయింది.

"నీ సీసా తే."

రోశమ్మకు అర్థం కాలేదు. చూరులోనుంచి సీసా తీసి ఇచ్చింది. యుద్ధం రోజుల్లో దొనకొండ విమానాల మైదానంలో తెల్లసోల్జర్లు తాగి పారేసిన సీసా అది. ముదురు గాజు, పొట్టమీద ఉబ్బెత్తు ఇంగిలీషు అక్షరాలు. రోశమ్మ తండ్రి అక్కడ మట్టి మోసినప్పుడు తెచ్చుకున్నాడు. మాలకొండమ్మ ముంతలోది దాంట్లోకి వంచింది, నిండా.

"ఇది శుక్రవారం ఇయ్యి. నీది కాలవలో పారబొయ్."

"అక్కా! మరి నీది?"

"నాదీ ఇదే. రెండూ ఒకటే. నోరున్నోడు గదా, రెండూ ఒకటే చెయ్యి అని పసిగడతాడు. ఎక్కువా తక్కువా లేకుంటే ఎవుర్ని తీసకపోతాడు? ఇద్దర్నీ వదిలేసి ఇంకో ఊరు చూసుకుంటాడు." రోశమ్మ నోరు తెరవబోతే, "నోర్ముయ్. ఎవురికన్నా చెప్పినావో, నీ కుండలన్నీ పగలగొడతా" అని బయటికి వచ్చేసింది.

ఆమె చేసిన పొరపాటల్లా అదొక్కటే. ముప్పయ్యేళ్లు చెక్క నమిలి నమిలి, తాగే ప్రతి నోట్లోనూ నాలుక ఉంటుందనుకుంది.

శుక్రవారం మధ్యాహ్నానికి ఇన్‌స్పెక్టరు కంభం స్టేషన్లో రైలు దిగి గోవిందయ్య పంపిన బండిలో వచ్చాడు. ఖాకీ నిక్కరు, దొరటోపీ, ముందుకు పొడుచుకొచ్చిన పొట్ట. కొట్టంలో పరుపు వేసి, కోడికూర పెట్టి, తలుపు ఓరగా మూశారు. మద్యనిషేధ పలక ఆ తలుపుతోపాటే ఊగింది. ఏబేలు రెండు సీసాలూ లోపల పెట్టి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మాలకొండమ్మది మామూలు ఆముదం సీసా, కడిగి జొన్నదంటు బెండు బిరడా పెట్టింది. రోశమ్మది దొనకొండ సీసా. ఆడవాళ్లిద్దరూ బయట చూరు కింద. తలుపు సందులోంచి అన్నీ కనిపిస్తున్నాయి, అన్నీ వినిపిస్తున్నాయి.

"దొరల సీమలో బీరు చేస్తారు చూడండి, మునసబుగారూ," అంటున్నాడు ఇన్‌స్పెక్టరు, "దాంట్లో హాప్స్ అని ఒక పువ్వు వేస్తారు. తీగకు కాస్తుంది. అందులో రకాలు. ఒకటి చేదు కోసం, ఒకటి వాసన కోసం. ఏ ఊరి పువ్వో తాగి చెప్పేస్తారు దొరలు. మనవాళ్లు వేసే ఈ చెక్క కూడా అంతే. చెక్కను బట్టే సరుకు."

మాలకొండమ్మ చెవులు రిక్కించింది. ఆ మాట బాగుంది. ఎక్కడో సీమలో కూడా ఎవరో ఒకామె పొద్దున్నే పోయి, తీగకు పువ్వు తెంపి, నలిపి వాసన చూసి, ఇది పనికొస్తుంది, అది పనికిరాదని చెప్పి ఉంటుంది. దాని సంగతి తెలిసినవాడు ఇంత దూరం వచ్చాడంటే తన సారా సంగతి తేలుస్తాడు. గుండె కుదుటపడింది.

ఇన్‌స్పెక్టరు ముందు ఆముదం సీసా తీసుకొని వాసన చూశాడు. బిరడా చూసి ముఖం చిట్లించాడు. గ్లాసులో పోసుకొని ఒక గుక్క తాగాడు.

"ఛీ! పశువుల కుడితి. చెక్క కుళ్లిపోయింది."

"కుళ్లిందండీ, కుళ్లింది" అన్నాడు గోవిందయ్య, ఇరవయ్యేళ్లుగా అదే సారా తాగుతున్న గోవిందయ్య.

తర్వాత దొనకొండ సీసా ఎత్తాడు. పొట్టమీది అక్షరాలను బొటనవేలితో తడిమాడు. కళ్లు మూసుకొని తాగాడు. మూసుకొనే ఉన్నాడు.

"ఆహా! ఇదండీ! ఇది గొంతులో దిగుతుంటేనే తెలుస్తోంది. దానికీ దీనికీ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా! ఈ చెక్క వేరు, ఈ చెయ్యి వేరు."

"చెయ్యి వేరండీ" అన్నాడు గోవిందయ్య.

చూరు కింద రోశమ్మ మాలకొండమ్మ చెయ్యి పట్టుకుంది. మాలకొండమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమైనాక కోపం వచ్చింది, జైలు మీద కాదు, ఆ నోటి మీద. ఓరి నీ నోరు మండిపోను! సీమ పువ్వుల కథలు చెప్పినావే, నీకు నాలుక ఏదిరా? సీసా మీది రాత తాగినావు గదరా!

రోశమ్మ తలుపు వైపు అడుగు వేసింది. "నేను చెప్తానక్కా, రెండూ నీవేనని" అంది. భుజాన పిల్ల మళ్లీ దగ్గింది. మాలకొండమ్మ ఆమె రెక్క పట్టుకొని వెనక్కి గుంజింది. చూసిన చూపుకు రోశమ్మ అక్కడే కూలబడింది.

లోపల తీర్పు అయిపోయింది. దొనకొండ సీసాకు గట్టిగా బిరడా బిగించి, "ఇది ఇంటికి" అని ఇన్‌స్పెక్టరు సంచిలో పెట్టుకున్నాడు. కోడికూర ఇంకా సగం ఉంది. మరి దానికి తోడు? పారబోసేదెట్లాగూ పారబోసేదే గదా అని ఆముదం సీసా ముందుకు లాక్కున్నారు. ఛీ అంటూ ఒక గ్లాసు, థూ అంటూ ఒక గ్లాసు. ఇన్‌స్పెక్టరు కుడితి అన్నప్పుడల్లా గోవిందయ్య కుడితేనండీ అంటూ గ్లాసు చాచాడు. కూరగిన్నె అడుగు కనిపించేదాకా ఈ తిట్ల కార్యక్రమం సాగింది.

పొద్దు వాలాక మాలకొండమ్మను లోపలికి పిలిచారు. సాయంత్రం రైలు అందుకోవాలని ఇన్‌స్పెక్టరు తొందరపడుతున్నాడు. గోవిందయ్య కాగితం మీద గబగబా గీకి అయిందనిపించాడు.

"ఏబేలూ, ఆ పాడు సీసాకు లక్క పెట్టు, సీలు వేద్దాం. సాక్ష్యానికి పోవాలి."

ఏబేలు ఆముదం సీసా ఎత్తాడు. వెలుగుకు పట్టి చూశాడు. తలకిందులు చేశాడు. ఒక్క చుక్క రాలలేదు. ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకొని సంచిలోంచి దొనకొండ సీసా తీశాడు. కడుపు కోసుకున్నట్టు ముఖం పెట్టి, దాంట్లోది సగం ఆముదం సీసాలోకి వంచాడు. రెండు చుక్కలు కింద పడితే అవి పడ్డచోటు చూసి నిట్టూర్చాడు. ఏబేలు లక్క కరిగించి మూతి మూశాడు.

"చదువు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

గోవిందయ్య చదివాడు. "ఎర్రవంకపల్లె కాపురస్థురాలు మాలకొండమ్మ అనునామె వంకలో బెల్లపు ఊటతోను తుమ్మచెక్కతోను కాచిన, దుర్వాసన గలిగి, మనుష్యులు తాగుటకు ఎంతమాత్రమును పనికిరాని సారా సీసా ఒకటి..."

సిరా డబ్బా ముందుకు జరిపాడు. మాలకొండమ్మ చెయ్యి చాచలేదు.

"నేను కాచినానని రాయి, ఏలిముద్ర ఏస్తా. వంకలో కాచినాననీ రాయి. మూణ్ణెల్లు కాకుంటే ఆర్నెల్లు రాసుకో. పనికిరానిదని రాస్తే మాత్రం ఎయ్యను."

ఇన్‌స్పెక్టరు తెల్లబోయాడు. "జైలుకు పోయేదానికి నీకెందుకే అది?"

"నా సరుకు గదా దొరా. నాకు గాక ఎవురికి?"

"ఏమే మాలకొండీ, పొగరా?" అని గోవిందయ్య మంచం మీదినుంచి లేవబోయి, కాళ్లు నిలవక మళ్లీ కూర్చున్నాడు.

"మనుషులు తాగేదానికి పనికిరానిదయితే, అయ్యా," అంది మాలకొండమ్మ నిదానంగా, ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, "పొద్దుననంగా నిండుగా ఉన్న సీసా అడుగంటా తాగిందెవురు?"

గుమ్మం దగ్గర ఏబేలు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు మాత్రం ఆపుకోలేకపోయాడు. ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకున్నాడు. రైలు టైము దగ్గరపడింది.

"కొట్టెయ్యవయ్యా ఆ ముక్క, కొట్టెయ్యి!"

గోవిందయ్య కొట్టేశాడు. ఏం కొట్టేశాడో, ఎంతవరకు కొట్టేశాడో మాలకొండమ్మ ఏబేలుతో చదివించి విన్నది. దుర్వాసన కూడా పోయిందని తేలినాకే వేలు ముంచి ముద్ర వేసింది. వేలికంటిన సిరాను పోతూ పోతూ తలుపు మీది మద్యనిషేధ పలకకు తుడిచింది.

బయట రోశమ్మ ఏడుస్తోంది. చంటిది కొంగు కింద పాలు తాగుతోంది.

"ఏడుపాపి ఇను" అంది మాలకొండమ్మ వంగి, ఎవరికీ వినబడనంత మెల్లగా. "కొండమీది నీళ్లగుండం పైన రెండు నల్లబండలున్నయ్యే, వాటి నడుమ ఏడు చెట్లున్నయ్. వాటికి ఈ ఏడాదే పడమటి పక్క గీరినా. ఏ పక్కా ముట్టబాక. పై వరసలో ఇంకో మూడున్నయ్, వాటికి తూర్పు పక్క గీరుకో. వసారాలో ఆరేసిన చెక్క రేపు తిప్పు. ఎండ తగలనిచ్చినావంటే వచ్చినాక చెవులు పిండుతా. నల్ల మేక ఈనేట్టుంది, చూసుకో."

రోశమ్మ తలూపింది. గుండం పైన, రెండు బండల నడుమ, ఏడు చెట్లు అని పెదవులు కదిలిస్తూ బట్టీపట్టింది.

బండి కంభం దారి పట్టింది. ఏబేలు ఎడ్లను తోలుతున్నాడు. వెనక మాలకొండమ్మ. ముందు పరుపు మీద ఇన్‌స్పెక్టరు, సగం మిగిలిన దొనకొండ సీసా మోకాళ్ల మధ్య పెట్టుకొని ఊగుతున్నాడు. కుడిచేతి వైపు కొండ వాలు కనిపిస్తోంది. వాలులో రెండు నల్లబండలు కనిపించేదాకా మాలకొండమ్మ అటే చూసింది.

"ఏమే," అన్నాడు ఇన్‌స్పెక్టరు ఉన్నట్టుండి, "ఆ పిల్ల వేసే చెక్కేదో నీకు తెలుసునా?"

"ఎందుకు తెల్దు దొరా? నల్లతుమ్మ. చెరువు ఒడ్డున యాడబడితే ఆడ దొరుకుతాది."

"నేననుకుంటూనే ఉన్నాను. నల్లతుమ్మే. మరి నువ్వు వేసే చెత్త?"

"తెల్లతుమ్మ."

"ఇకమీద దాని జోలికి పోకు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

జేబులోంచి చిన్న పుస్తకం తీసి, పెన్సిలు కొన నాలుకమీద తడుపుకొని, నల్లతుమ్మ మేలు అని బండి కుదుపుల్లో జాగ్రత్తగా రాసుకున్నాడు.